సి సెక్షన్ మొక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను మాట్లాడమని ఫోన్ చేసినప్పుడు, ‘అమెరికాలో మీ ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పండి, పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది’ అన్నారు. నా ఉద్యోగం గురించి చెబితే పిల్లలకి స్ఫూర్తి కాదు, నిద్ర వస్తుంది. ఇరవై అయిదేళ్లుగా కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను, అంతే. అందుకని ఆ ఉద్యోగం లేని వేళల్లో నేను నేర్చుకున్న పని గురించి చెబుతానన్నాను. అది మొక్కలకి పెళ్లిళ్లు చేసే పని. ఆయన ఒక్క క్షణం ఆగి ‘సరే, మీ ఇష్టం’ అన్నారు. ఆ ‘సరే’లో ఎంత అనుమానం ఉందో నాకు వినిపించింది.

నాది 1984 పదో తరగతి బ్యాచ్. సి సెక్షన్. ఆ రోజుల్లో ఆరో తరగతిలోనే మార్కులు చూసి మమ్మల్ని మూడు సెక్షన్లు చేసేవారు. ‘ఎ’ వాళ్లు పైకొచ్చేవాళ్లు. ‘బి’ వాళ్లు ఫరవాలేదు. ‘సి’ వాళ్లంటే వరండా చివర, సైకిలు స్టాండు పక్కన ఉండే గది. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు. మా దగ్గర ఎవరూ ఏమీ ఆశించలేదు, అంతే. ఈ మాట ఎందుకు చెబుతున్నానో చివర్లో అర్థమవుతుంది. ముందు మొక్క సంగతి చెబుతాను.

మేముండేది మిన్నెసోటాలో. అక్కడ చలికాలంలో ఒక్కోసారి ఉష్ణోగ్రత సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి దిగుతుంది. 2004లో ఇల్లు కొన్నాం. ఇంటి వెనక పెద్ద పెద్ద ఓక్ చెట్లు, వాటి కింద దట్టమైన నీడ. మా ఆవిడకి మందారం కావాలి, మల్లె కావాలి, కరివేపాకు కావాలి. అవన్నీ కుండీల్లో పెట్టి చలికాలం ఇంట్లోకి తెచ్చుకుని చంటిపిల్లల్లా సాకాం. కానీ వెనక ఆ నీడలో మాత్రం ఏది వేసినా రెండు నెలల్లో పోయేది.

పక్కింట్లో ఎనభై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ ఉండేది. ఒకరోజు పారతో ఒక దుబ్బు తవ్వి, మూడు ముక్కలుగా నరికి, పాత బకెట్టులో పెట్టుకొచ్చి ‘ఇవి నాటు, చావవు’ అంది. అలా మా ఇంటికి హోస్టాలు వచ్చాయి.

హోస్టా అంటే మనవైపు ఎవరికీ తెలియదు. జపాన్, కొరియా, చైనా దాని పుట్టిళ్లు. నేల మీంచి నేరుగా ఆకులు గుత్తిగా లేస్తాయి. కొన్నిటి ఆకులు పిల్లల అరచేయంత, కొన్నిటివి మన భోజనాల విస్తరంత. పచ్చనివి, పసుపువి, నీలం ఛాయవి, తెల్ల అంచువి ఇలా ఎన్నో. జపాన్‌లో లేత మొలకలని కూర వండుకుంటారు కూడా. ఈ ప్రజాతికి ఆ పేరు నికొలస్ హోస్ట్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీద 1812లో పెట్టారు. నీడలో హాయిగా బతుకుతుంది. చలికాలం ఆకులన్నీ కుళ్లిపోయి, నేల మీద ఏమీ మిగలదు. చచ్చిందనుకుంటాం. మళ్లీ వసంతంలో భూమిలోంచి మేకుల్లా మొలకలు పొడుచుకొస్తాయి. ఆ నిద్ర దానికి తప్పనిసరి. కొన్ని వారాలపాటు గట్టి చలి తగలకపోతే క్షీణించిపోతుంది. అందుకే మీకు కానుకగా ఒక్క మొక్క కూడా తేలేకపోయాను. మన ఎండకి, మన ఉక్కకి అది ఉండదు.

నాలుగేళ్లు నాటడంతోనే గడిచింది. 2009లో ఒకరోజు పెద్దావిడ నా చేత ఒక పువ్వు విప్పించి, ‘ఇదిగో, ఇది మగ, ఇది ఆడ. మిగతాది తేనెటీగలు చేస్తాయి, కావాలంటే నువ్వూ చెయ్యొచ్చు’ అంది. ఆ పువ్వు చూడగానే నాకు మన బడి బల్లమీద బ్లేడుతో కోసిన మందారం గుర్తొచ్చింది. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రావళి, కేసరాలు, అండకోశం. పాతికేళ్లు ఆ మాటలు ఒక్కసారి కూడా నోటికి రాలేదు. అన్నీ వరసగా వచ్చేశాయి. అవి నాకు నేర్పిన నేచురల్ సైన్సు మాస్టారు ఇప్పుడు ముందు వరసలోనే ఉన్నారు. పేరు చెప్పొద్దని నిన్ననే గట్టిగా చెప్పారు. ఈ వయసులో ఆయన మాట కాదనే ధైర్యం నాకు లేదు.

పని చాలా తేలిక. హోస్టా పువ్వు ఒక్కరోజే ఉంటుంది. తెల్లవారి విచ్చుకుంటుంది, సాయంత్రానికి వాడిపోతుంది. రేపు విచ్చుకోబోయే మొగ్గని ఈ సాయంత్రమే గుర్తుపట్టాలి. దాని రేకులు మెల్లగా చించి తీసేసి, లోపలి ఆరు కేసరాలూ తుంచెయ్యాలి. మధ్యలో కీలం ఒక్కటే మిగులుతుంది. రేకులు లేవు కాబట్టి తేనెటీగకి వాలడానికి చోటుండదు, అది పక్క పువ్వుకి పోతుంది. మర్నాడు పొద్దున్నే మరో మొక్క నుంచి పుప్పొడి పట్టిన కేసరం తెచ్చి, ఆ కీలం చివర రాయాలి. కాడకి రంగు దారం కట్టాలి. దారం కట్టగానే నోటుబుక్కులో రాసుకోవాలి: తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తేదీ ఎంత. కాయ ముదరడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. ఎండి మూడుగా చీలుతుంది. లోపల నల్లటి, పల్చటి, చిన్న రెక్క ఉన్న గింజలు ఉంటాయి. నల్లవి మొలుస్తాయి, తెల్లవి తాలు. నవంబరులో ఇంటి కింది గదిలో ట్యూబులైట్ల కింద ట్రేలలో చల్లితే రెండు వారాల్లో మొలకలు.

ఇంత తేలికైన పనిలో నేను చేసిన తప్పులు వరసగా చెబుతాను. చెప్పుకోదగ్గ చదువు నాకు అక్కడే జరిగింది.

మొదటి తప్పు. తల్లిగా వెంట్రికోసా అనే జాతిని ఎంచుకున్నాను. ముదురు ఊదా రంగు పువ్వులు, కాయలు విరగకాస్తుంది. గింజలెక్కువ వస్తే మొక్కలెక్కువ వస్తాయి కదా అన్నది నా లెక్క. దాని మీద ‘హాల్సియన్’ అనే నీలి ఆకుల రకం పుప్పొడి రాశాను. 62 మొక్కలు వచ్చాయి. మూడేళ్లు పెంచాను. 62కి 62 తల్లి పోలికే! అదే ఆకుపచ్చ, అదే ఆకు మెరుపు, అదే ఊదా పువ్వు. తండ్రి ఛాయ ఒక్కదానిలోనూ లేదు. ముందు తేనెటీగల మీద అనుమానపడ్డాను. తర్వాత నా చేతి మీద అనుమానపడ్డాను. చివరికి చదివితే తెలిసింది. ఆ జాతి గింజ కట్టడానికి పుప్పొడి తగలాలి గానీ, గింజలోని పిండం మాత్రం తల్లి సొంత కణం నుంచే తయారవుతుంది. తండ్రికి పెళ్లిపిలుపు ఉంది, పిల్లల్లో వాటా లేదు. నేను మూడేళ్లు ఒకే మొక్కకి 62 నకళ్లు తీశాను.

సిగ్గేసింది. ఆ సిగ్గు తగ్గించింది మెండెల్. బఠానీ మొక్కలతో ఆయన కనిపెట్టిన సూత్రాలు మనమంతా చదువుకున్నాం, 1866లో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఆయన ఏం చేశాడో పుస్తకంలో లేదు. హాక్‌వీడ్ అనే ఇంకో మొక్క పట్టుకుని, కళ్లు పాడుచేసుకుంటూ ఏళ్ల తరబడి సంకరాలు చేశాడు. బఠానీలో వచ్చిన లెక్కలేవీ అక్కడ రాలేదు. కారణం ఇదే. హాక్‌వీడ్ కూడా తండ్రి వాటా లేకుండా గింజ కట్టగలదు. ఆ సంగతి బయటపడింది ఆయన 1884లో పోయిన తర్వాత. రాని లెక్కని వచ్చినట్టు రాసుకోకుండా, రాలేదనే ఆయన చెప్పాడు. అంతటివాడికి జరిగింది నాకూ జరిగింది కదా అని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను. పోలిక మెండెల్‌కి నచ్చకపోవచ్చు.

రెండో తప్పు. తెల్ల చారల ఆకులున్న పిల్ల మొక్క కావాలనుకుని, తెల్ల అంచు ఉన్న మొక్క నుంచి పుప్పొడి తెచ్చి పచ్చ మొక్క మీద రాశాను. ఒక్క చార రాలేదు. ఆకుల్లో పచ్చదనం హరితరేణువుల వల్ల వస్తుందని తెలుసు కదా. హోస్టాలో ఆ హరితరేణువులు తల్లి అండం ద్వారానే పిల్లకి వస్తాయి, పుప్పొడి ద్వారా రావు. కాబట్టి చారలు తల్లికే ఉండాలి. అంచు మీద శుభ్రంగా గీసినట్టున్న తెలుపు చాలదు, ఆకంతా చిందరవందరగా చారలు పడ్డ తల్లి కావాలి.

ఈ సంగతి చదువుతుంటే ఒకచోట నాకు కుర్చీలోంచి లేచి నిలబడాలనిపించింది. దీన్ని మొదట నిరూపించిన మొక్కల్లో మన చంద్రకాంత ఒకటి. కార్ల్ కోరెన్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1909లో చంద్రకాంత మీదే చూపించాడు. ఒకే మొక్కకి పచ్చ కొమ్మ, తెల్ల కొమ్మ, రెండూ కలిసిన కొమ్మ ఉంటే, పుప్పొడి ఎక్కడి నుంచి తెచ్చినా పిల్ల రంగు గింజ కట్టిన కొమ్మని బట్టే ఉంటుందని. చంద్రకాంత! మన సైన్సు గది వెనక, నీళ్ల కుళాయి కింద మురుగు కాలవ పక్కన, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పొయ్యకుండా పెరిగే చంద్రకాంత. దాని నల్లగింజలు ఏరుకుని మేం మిరియాలంటూ ఆడుకునేవాళ్లం. ప్రపంచానికి పాఠం చెప్పిన మొక్క మా కాళ్ల దగ్గర పెరిగింది. నేను వేల కిలోమీటర్ల దూరం వెళ్లి తెలుసుకున్నాను.

మూడో తప్పు పెద్దది. దాని కోసమే ఈ ప్రసంగం.

మొక్కల పెంపకంలో గింజలు మొలిపించడం కష్టం కాదు, పారెయ్యడం కష్టం. నాలుగు వందల మొలకలు వస్తాయి, నా పెరట్లో నలభైకే చోటుంది. ఏవి ఉంచాలి? పెద్దగా, బలంగా, ముందుగా ఎదిగినవి ఉంచాను. చిన్నవి, నెమ్మదిగా ఉన్నవి, వంకరవి తీసేశాను. ఎవరైనా అదే చేస్తారు అనుకున్నాను. ప్రతి ఏడూ శ్రద్ధగా అదే చేశాను. నాలుగేళ్ల తర్వాత చూసుకుంటే పెరడంతా ఆరోగ్యమైన, మామూలు పచ్చ మొక్కలు. ఒక్కటి కూడా ప్రత్యేకం కాదు.

అనుభవమున్నవాళ్లని అడిగితే నవ్వారు. చారల ఆకుల పిల్లల్లో పత్రహరితం తక్కువ, కాబట్టి ఆహారం తక్కువ, ఎదుగుదల నెమ్మది. నీలి ఆకులవాటిలో చాలా రకాలు మొదట్లో నత్తనడకే. కొన్ని మొలకలు మొదటి ఏడాది పచ్చగా ఉండి, తర్వాత అసలు రంగు చూపిస్తాయి. మొదటి ఏడాదిలో అందరికన్నా ముందు పరిగెత్తేది సాధారణమైన పచ్చ మొక్కే. నేను ‘బాగున్నవి’ ఎంచుతున్నానని అనుకుంటూ, ‘తొందరగా ఎదిగేవి’ ఎంచాను. రెండూ ఒకటి కావు. ఒక హోస్టా తన నిజమైన ఆకారం, ఆకు మందం, రంగు చూపించడానికి అయిదేళ్లు పట్టవచ్చు. నేను అయిదు నెలలకే తీర్పు చెప్పాను.

2013 శరదృతువులో రెండు ట్రేల బుల్లి మొలకలని మట్టితో సహా పెరటి మూల చెత్తకుప్పలో దులిపేశాను. పేరు చీటీలు మాత్రం కడిగి మళ్లీ వాడుకోవడానికి దాచుకున్నాను. 2015 వసంతంలో ఎరువు కోసం ఆ కుప్ప తవ్వుతుంటే, అంచున, కుళ్లిన ఆకుల మధ్య ఒక చిన్న మొక్క. మూడే ఆకులు. గుండ్రంగా, గిన్నెలా లోపలికి వంగి, చెప్పుతోలంత మందంగా ఉన్నాయి. బూడిద పట్టిన నేరేడుపండు మీద ఉండేలాంటి నీలం. ఆ నీలం నిజానికి రంగు కాదు, ఆకు మీది మైనపు పూత. వేలితో రుద్దితే పోతుంది. రెండు చలికాలాలు మంచు కింద, నీళ్లు లేక, వేళ్లకి సరైన మట్టి లేక బతికింది. నేను పారేసింది కాబట్టి నా లెక్కలో అది లేనే లేదు.

తీసి మంచి చోట నాటాను. ఇప్పటికి దుబ్బు కట్టింది. ఊళ్లో హోస్టాలు పెంచేవాళ్లు వచ్చి చూసి ముక్క అడిగి తీసుకెళ్తున్నారు. ఒక మిత్రుడు ‘దీన్ని పేరు పెట్టి నమోదు చెయ్యి’ అన్నాడు. కొత్త రకాన్ని నమోదు చేసే పత్రంలో తల్లి పేరు, తండ్రి పేరు అడుగుతారు. నాకు తెలియదు. ఆ రెండు ట్రేలు రెండు వేర్వేరు సంకరాలవి. దులిపేశాక ఏది ఏదో ఎవరు చెబుతారు? మిత్రుడు ‘హాల్సియన్ అని రాసెయ్, పోలిక ఉంది. ఎవరు చూడొచ్చారు?’ అన్నాడు. అబద్ధం కాకపోవచ్చు కూడా. హాల్సియన్‌కి పెద్ద చరిత్ర ఉంది. ఇంగ్లాండులో ఎరిక్ స్మిత్ అనే నర్సరీ పనివాడు, మామూలుగా ఒకేసారి పూయని రెండు రకాలు 1961లో కలిసి పూసిన అదను చూసి చేసిన సంకరం నుంచి వచ్చింది అది. ఆ వంశం అని రాస్తే మొక్కకి విలువ పెరుగుతుంది. కలం పట్టుకున్నాను.

అప్పుడు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది.

మాస్టారు మా సి సెక్షన్ వాళ్లందరికీ తలా మూడు చిక్కుడు గింజలిచ్చారు. కొబ్బరి చిప్పలో నాటి, రోజూ చూసి, ఎత్తు కొలిచి రికార్డులో రాయమన్నారు. నావి మొలవలేదు. నేను పక్కవాడి రికార్డు చూసి, అనుమానం రాకుండా సగం సెంటీమీటరు అటూ ఇటూ మార్చి రాశాను. పన్నెండో రోజున మాస్టారు ‘ఏదిరా, నీ చిప్ప తీసుకురా’ అన్నారు. తెచ్చాను. వేలితో మట్టి తీసి చూశారు. గింజలు కుళ్లిపోయి ఉన్నాయి. నీళ్లెక్కువ పోశాను. కొడతారనుకుని చెయ్యి చాపాను. కొట్టలేదు. రికార్డు నా ముందు పెట్టి, ‘మొలవలేదు, నీళ్లెక్కువై కుళ్లింది అని రాయరా. అదీ రిజల్టే. ఈ క్లాసులో ఆ రిజల్టు నీ ఒక్కడికే వచ్చింది’ అన్నారు. రాశాను. ఆయన దాని కింద ఎర్ర సిరాతో ‘గుడ్’ అని పెట్టారు. ఈ బడిలో నాకు వచ్చిన మొదటి గుడ్ అది. మొలవనందుకు వచ్చింది.

నమోదు పత్రం అలాగే మడిచి పెట్టేశాను. నోటుబుక్కులో మాత్రం ‘తల్లి తెలియదు, తండ్రి తెలియదు, చెత్తకుప్పలో దొరికింది, తప్పు నాది’ అని తెలుగులో రాసుకున్నాను. మొక్కకి ఇంట్లో పిలుచుకోవడానికి ‘సి సెక్షన్’ అని పేరు పెట్టాను. పక్కింటి పెద్దావిడకి ఆ పేరు చెబితే పగలబడి నవ్వింది. అక్కడ సి సెక్షన్ అంటే కడుపు కోసి చేసే కాన్పు! నవ్వడం అయ్యాక అసలు సంగతి చెప్పాను. పదకొండేళ్ల పిల్లల్ని మార్కుల ప్రకారం గదుల్లో పెట్టడం గురించి. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘అయితే పేరు మార్చకు’ అంది. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ మొక్క నుంచి తీసిన మొదటి ముక్క ఆవిడ పెరట్లోనే ఉంది.

ఇప్పుడు అసలు మాట. ఇది ఇంకెవరి తప్పూ కాదు, నాదే.

2016 నుంచి మా అమ్మ పేరు మీద ఈ బడిలో పదో తరగతి ఫస్టు వచ్చినవాళ్లకి ఏటా పదివేల రూపాయల బహుమతి ఇస్తున్నాను. ఫొటోలు వస్తుంటే ఎంతో గర్వంగా ఉండేది. కిందటేడు మాస్టారు ఫోన్ చేశారు. కుశలప్రశ్నలయ్యాక, ‘ఏరా, మీ అమ్మగారి పేరు మీద బహుమతి ఇస్తున్నావు, సంతోషం. కానీ మీ అమ్మగారి కొడుక్కి మాత్రం అది వచ్చేది కాదు కదరా’ అన్నారు.

నేనేం మాట్లాడలేకపోయాను. పెరట్లో అయిదేళ్లు ఆగడం నేర్చుకున్నాను. మొలకని చూసి మొక్కని అంచనా వెయ్యకూడదని ఊరందరికీ చెబుతున్నాను. సొంత బడి దగ్గరికి వచ్చేసరికి, ముందుగా ఎదిగినదాన్నే ఎంచుతున్నాను.

ఫస్టు వచ్చిన పిల్లల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్లు కష్టపడి చదివారు, ఆ బహుమతి ఆగదు. అలాగే పిల్లల్ని మొక్కలతో పోల్చడం కూడా ఒక హద్దు వరకే. నాకు నాలుగు వందల్లో నలభైకే చోటుంది, మిగతావి పారెయ్యక తప్పదు. అది నా పని స్వభావం. బడికి ఆ హక్కు లేదు. మాస్టారికి అసలే లేదు. ఆయనకి నలభై అయిదు మంది వస్తే నలభై అయిదు మందినీ పెంచాలి. నా పని కన్నా ఆయన పని ఎంత కష్టమో, నాలుగు వందల మొలకల ముందు కూర్చున్నాకనే నాకు తెలిసింది.

అందుకని సంఘం అనుమతితో రెండు విన్నపాలు.

మొదటిది. సైన్సు గది వెనకున్న ఖాళీ స్థలంలో పిల్లలకి మళ్లు కట్టించే ఖర్చు, నీళ్ల పైపు ఖర్చు నేను పెట్టుకుంటాను. ఆరో తరగతిలో చేరే ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ, సెక్షన్ ఏదైనా సరే, ఒక కుండీ, ఒక రికార్డు పుస్తకం. ఏటా ఒక బహుమతి కూడా. అది పెద్ద మొక్కకి కాదు, నిజమైన రికార్డుకి. ‘మొలవలేదు’ అని రాసినవాళ్లకీ అర్హత ఉంటుంది. ఆ బహుమతి ఎవరికో మాస్టారు చెబుతారు. ఆయన ఒప్పుకున్నారు. రెండు పూటలా కాఫీ మాత్రం సంఘమే ఇవ్వాలట.

రెండోది ప్రధానోపాధ్యాయుల పరిధిలోని విషయం, నేను చెప్పకూడదు. అయినా చేతులు జోడించి అడుగుతున్నాను. ఆరో తరగతిలో మార్కులు చూసి సెక్షన్లు చెయ్యడం ఇప్పటికీ ఉందని విన్నాను. ఉపాధ్యాయులకి ఉండే ఇబ్బందులు నాకు తెలియనివి కావు. వీలుంటే ఆ విభజన కనీసం ఆ వయసులో వద్దు. పదకొండేళ్లకి ఎవరూ తమ అసలు రంగు చూపించరు.

ఇక ఉపాధ్యాయులకి, పిల్లలకి పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. హోస్టా ఇక్కడ బతకదు, అవసరమూ లేదు. సంకరం నేర్చుకోవడానికి మన బెండ ఉంది, మందారం ఉంది. మనం రోజూ తినే సాంబ మసూరి బియ్యం బాపట్లలో, స్వర్ణ రకం మార్టేరులో సంకరాలు చేసి తీసినవే. ఆ పరిశోధనా కేంద్రాల్లో వరి పువ్వుల్లోంచి కేసరాలు ఏరినవాళ్లు కూడా ఎక్కడో ఒక బడిలో బ్లేడుతో మందారం కోసినవాళ్లే. అన్నిటికన్నా తేలిక చంద్రకాంత. అది సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో విచ్చుకుంటుంది. విచ్చుకోబోయే మొగ్గని అంతకు ముందే, మధ్యాహ్నం మెల్లగా తెరిచి కేసరాలు తీసెయ్యండి. లేకపోతే తన పుప్పొడి తనకే తగిలించుకుంటుంది. సాయంత్రం ఇంకో రంగు పువ్వు పుప్పొడి రాయండి. దారం కట్టండి. పువ్వుకి ఒకే గింజ. నిజమైన ఎరుపు, నిజమైన తెలుపు కలిస్తే పిల్లలు గులాబీ రంగు పూస్తాయి. వాటిలో వాటికే గింజ కట్టనిస్తే తర్వాతి తరంలో ఎరుపు, గులాబీ, తెలుపు మూడూ తిరిగొస్తాయి. ఒక్కటే జాగ్రత్త. ఆ గింజలు, దుంపలు విషం, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి, పని అయ్యాక చేతులు కడిగించాలి. మేం మిరియాలాట ఆడినా బతికి ఉన్నామంటే నమిలి చూడలేదు కాబట్టి.

నిన్న సాయంత్రం వెళ్లి చూశాను. కుళాయి మారింది, కాలవ మీద బండలు వేశారు, చంద్రకాంతలు మాత్రం ఉన్నాయి. ఎర్రవి ఒక దుబ్బు, పసుపువి ఒకటి. తెల్లది ఒకటే ఉంది, గోడ వారగా. నా జేబులో రంగు దారాలున్నాయి. ఇప్పుడు టైము మూడుంబావు. మొగ్గలు ఇంకా ముడుచుకునే ఉంటాయి. కేసరాలు తియ్యడానికి సరిగ్గా వేళ. భోజనాల తర్వాత నిద్రపోదామనుకునేవాళ్లు పడుకోండి. మిగతావాళ్లు సైన్సు గది వెనక్కి రండి. మాస్టారు కూడా వస్తానన్నారు, ఆయనకి ఎవరైనా ఒక కుర్చీ వెయ్యండి.